మాటు

సాలిగ్రామంలో, మేడ మీది డబ్బింగ్ గదిలో,
ఏసీ చలికి స్వెటర్ తొడుక్కొని
ఒక మాట కోసం కూర్చున్నాను.
తెర మీద సైనికుడు అరుస్తాడు: ఆంబుష్!
అరిచి, చచ్చిపోతాడు.
అతని పెదవులు ఒక్కసారే కలుస్తాయి.
సరిగ్గా అక్కడ ఒక ప, ఒక బ, ఒక మ పడాలి.
లేకపోతే, అంటాడు ఇంజనీరు దురైరాజ్,
చచ్చాక కూడా మాట్లాడుతున్నట్టుంటుంది.

ఆ పరాయి మాట పొట్టలో ఒక పొద ఉంది.
పాత ఫ్రెంచి అడవిలోంచి వచ్చిందట,
ఆకులు దులుపుకోకుండానే.
గెరిల్లా అంటే చిన్న యుద్ధం,
స్పెయిన్ వాళ్ళు ముద్దుగా పిలుచుకున్నది.
సంస్కృతంలో అవస్కందం, మీదికి దూకడం.
చదువుకోడానికి బాగుంది,
చచ్చేవాడికి నోరు తిరగదు.
మెరుపుదాడి పేపరు వాళ్ళది.
మెరుపు ఊరంతటికీ కనబడేదే కదా,
ఇక దాక్కున్నదెక్కడ?

మాటు, అని రాశాను.
"మాడా? పశువా?" అని తమిళంలో నవ్వాడు దురైరాజ్.
నిజమే, దీనికీ కొమ్ముంది.
మాటకి కొమ్ము మొలిస్తే మాటు.

మా నాన్న పెంచలయ్య బిందెలకు మాట్లు వేసేవాడు.
ఉదయగిరి నుంచి మోసుకొచ్చిన తోలుతిత్తి,
తగరం ముక్కలు, చొక్కాకి ఎప్పుడూ నవాసారం వాసన.
చూలై సందుల్లో మధ్యాహ్నపు కేక:
మాట్లేస్తాం, బిందెలకు మాట్లూ...
తెలుగు రానివాళ్ళ ఓటి బిందెలు కూడా
ఆ కేకకి గుమ్మాల్లోకి వచ్చేవి.

కార్పొరేషన్ లారీ ఐసు ఫ్యాక్టరీ వెనక
ఇంజను ఆపుకొని కాచుకునేది.
తోపుడుబళ్ళు, తక్కెడలు, పూలగంపలు,
ఒకసారి ఎవరిదో బిడ్డ నిద్రపోతున్న ఉయ్యాల గుడ్డ కూడా
(బిడ్డని తీసి చేతికిచ్చి, గుడ్డ తీసుకెళ్ళారు).
సందులన్నీ తిరిగేవాడు నాన్న ఒక్కడే.
లారీ కంటబడితే బిందెల ఊసు లేకుండా
రెండు పొడుగు కేకలు:
మాటూ! మాటూ!
లాఠీ వాడికి అది వ్యాపారం.
పూలమ్మే సుబ్బరత్నానికి, జామకాయల మస్తానయ్యకి
అది వేరే సంగతి.
చుట్ట కాల్చి పారేసేలోపు రోడ్డు ఖాళీ.

ఒక మాట తన వెనకే తను దాక్కోవడం
నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

రాత్రి గంజి తాగుతూ, ఈ మాటు తప్పింది, అనేవాడు.
ఏ మాటు అని అడగాలని నాకు తోచలేదు,
దఫా అనుకున్నాను.

తిత్తి పోయిన రోజు మాత్రం
ఇంట్లో తమిళం మాట్లాడాడు: మాట్టికిట్టేన్.
దొరికిపోయాను.
అందరికీ అరిచి, తను పరిగెత్తడం మరిచాడు.
ఆ మాట్టూ ఈ మాటూ చుట్టాలో కాదో తెలీదు.
నా దగ్గరున్న నిఘంటువులు వరస కలపవు.
నాన్న కలిపాడు, అంతే.

ఫోన్లో నిర్మాత అన్నాడు:
"మెరుపుదాడి పెట్టండమ్మా, జనానికి తెలుస్తుంది.
మాట్లంటే బిందెలనుకుంటారు."
పెట్టాం.
మె దగ్గర పెదవులు కలిశాయి,
పు దగ్గరికి వచ్చేసరికి అతను నేల మీద ఉన్నాడు.
"ఇది చాలు," అన్నాడు దురైరాజ్, టీకి లేచాడు.

మైకు ఆపలేదు.
ఒక్కదాన్నే దాని ముందు నిలబడి
చూలై శ్రుతిలో, ఊపిరి చివరిదాకా,
మాటూ! అన్నాను.
స్పంజి గోడలు ఏమీ తిరిగివ్వలేదు.
అద్దం అవతల, మెడలో హెడ్‌ఫోనుతో,
తెలుగు ముక్క రాని దురైరాజ్
చేతిలో టీ గ్లాసు అలాగే పట్టుకొని
గిరుక్కున వెనక్కి తిరిగి చూశాడు.